బంతిని భూగోళం చేసిన సభ

నన్ను వేదిక మీద 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అని పిలిచిన వాళ్ళలో నా పుస్తకం ఒక్కటైనా చదివినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు. మా తిరుపతి సభల్లో ఆ మాటకు అర్థం వేరు. ఒకే సంగతి మీద పుస్తకం తర్వాత పుస్తకం రాసినవాడిని ఆ సంగతి పేరుతోనే పిలుస్తారు. శాసనాలాయన, భక్తి సాహిత్యం ఆయన, పద్యాలాయన. ఒకదానికొకటి పొంతన లేని పుస్తకాలు రాసినవాడిని ఏమని పిలవాలో తెలియదు. తెలుసుకోవాలంటే పుస్తకం తెరవాలి. ఆ శ్రమ ఎందుకని ఈ మాట మీద పడేసి, పైన శాలువా కప్పి పంపిస్తారు.

నేను రాసినవి మూడు. మొదటిది బాల్ బ్యాడ్మింటన్ మీద. టీవీలో చూపించే ఈకల బంతి ఆట కాదు. పసుపుపచ్చ ఉన్ని బంతితో మట్టి కోర్టు మీద ఇటు ఐదుగురు, అటు ఐదుగురు నిలబడి ఆడే ఆట. చిత్తూరు జిల్లాలో ఒకప్పుడు ప్రతి హైస్కూలు వెనకా, పోలీసు లైన్లలోనూ ఆ కోర్టు ఉండేది. పొద్దున మంచుకు తడిస్తే బంతి బరువెక్కుతుంది, ఎండ ఎక్కేకొద్దీ తేలికపడుతుంది. ఆట పొద్దునొక రకం, సాయంత్రమొక రకం. ఆ పుస్తకం వచ్చినప్పుడు ఒక పెద్దాయన నా భుజం తట్టి, "ఆటల మీద పుస్తకమేందప్పా, పిలకాయలు ఆడుకుంటారు, పోతారు. మీ వంశం మీద రాయకూడదా?" అన్నాడు.

రెండోది కుర్చీల మీద. ఎవరి ముందు ఎవరు కూర్చోవచ్చు, ఎవరు నిలబడాలి, అరుగు మీద ఎవరు, బల్ల మీద ఎవరు, నేల మీద ఎవరు అనేదే ఆ పుస్తకం. మా ఇంట్లోని కుర్చీతోనే మొదలుపెట్టాను. ఆ కుర్చీలో మా తాత తప్ప ఎవరూ కూర్చోలేదు. ఎదురుగా కూర్చోవడానికి ఇంకో కుర్చీ కూడా ఎన్నడూ వేయలేదు. ఆ పుస్తకం బయటికి రాగానే మా బంధువులు నన్ను పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. ఇంటి గుట్టు బజారుకేశానట. ఇల్లే బజారున పడ్డాక గుట్టు ఎక్కడ మిగిలింది?

మా ఇల్లు కార్వేటినగరం వైపు ఒక పల్లెలో ఉండేది. కార్వేటినగరం రాజులం కాము. వాళ్ళ కింద కొన్ని ఊళ్ళ పెత్తనం చూసిన ఇల్లు మాది. ఊళ్ళు పోయాయి, మామిడి తోపులు పోయాయి, చివరికి ఇల్లు కూడా పోయింది. ఆ ఇంటి టేకు తలుపు ఇప్పుడు కాణిపాకం దారిలో ఒక హోటల్ ముందు నిలబెట్టి ఉంది. వినాయకుడి దర్శనం చేసుకుని వచ్చే జనం దాని ముందు సెల్ఫీలు తీసుకుంటారు. ఆ హోటల్ వచ్చినప్పుడు నేను బస్సులో రెండోవైపు చూస్తాను. మా నాయన నాకు ఇచ్చింది ఒకటే. కూర్చున్నప్పుడు వీపు ఆనించకూడదని నేర్పించాడు. ఆనుకునేవాడికి ఆనుకునేది తీసేస్తే పడిపోతాడు అనేవాడు. తిరుపతిలో అద్దె ఇంట్లో ఉన్నా నేను ఈనాటికీ వీపు ఆనించి కూర్చోను. డబ్బున్నవాళ్ళ సోఫాల్లో అయితే అసలే ఆనించను.

ఈ సభ జరిగింది మూడో పుస్తకానికి. అది లోకం గురించి. ఎక్కడో సముద్రంలో యుద్ధం వచ్చి ఓడల దారి మూసుకుపోతే, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ఎందుకు మూతపడుతుందో, తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఎందుకు నిలబడిపోతాయో అందులో రాశాను. అక్కడి నుంచి కువైట్‌లో వంటపనికి పోయిన మన ఆడవాళ్ళ దాకా, వంటనూనె ధర దాకా, ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దులు దాటుతున్న పరాయి దేశాల జనం దాకా వెళ్ళాను. పుస్తకం పేరు 'ట్రాక్టరు ఆగిన చోట'. చాలా ఏళ్ళు పట్టింది. దీని గురించి విన్నవాళ్ళు అన్నదేమిటంటే, "చిత్తూరోడికి లోకంతో ఏం పనప్పా?"

అదే ట్రాక్టరు మీద కూర్చున్న చిత్తూరోడికి తెలుసు ఏం పనో.

తిరుపతిలో సభలు జరిపించే ఒకాయన ఉన్నాడు. ఫ్లెక్సీలు అచ్చేసే దుకాణం ఆయనది. సభలో పుస్తకం ఎవరిదైనా, ఫ్లెక్సీ మాత్రం ఆయనదే. మేమంతా ఆయన్ని సభల మేస్త్రి అంటాం. ఆయన ఇంటికొచ్చి కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నాడు.

"దొరా, ఈసారి మీ పుస్తకం మనమే ఆవిష్కరించల్ల. తిరపతిలో ఇంతవరకు జరగనట్టు జరపల్ల."

"దొరా అనొద్దు."

"సరే దొరా."

కోపం దిగమింగి చెప్పాను. ఒకటే షరతు. కార్డులో గాని, వేదిక మీద గాని మా వంశం ఊసు ఎత్తకూడదు. మాట్లాడేవాళ్ళు పుస్తకం గురించి మాట్లాడాలి. తిట్టినా సరే. అందుకోసం వాళ్ళకు ముందే ఒక ప్రతి పంపిస్తాను, చదివి రావాలి.

ఆయన ముఖంలో మొదటిసారి దిగులు కనిపించింది.

"సదివి రావాల్నా? అట్ల అడిగితే ఎవురూ రారప్పా. పెద్దోళ్ళు. వాళ్ళు రావడమే ఎక్కువ."

"అయితే సభ వద్దు."

"అబ్బ, అంత కోపమెందుకు? పంపీండి. సదవమని సెప్తా. వంశం ఊసు లేకుండా సూస్తా. పుస్తకమే ముఖ్యం, నాకు తెలీదా?"

అచ్చు కావడానికి ముందే కంప్యూటర్ కాయితాలు కుట్టించి, అధ్యక్షత వహించబోయే విశ్రాంత ఆచార్యుడికి నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. ఆయన రెండు చేతులా అందుకుని కళ్ళకు అద్దుకున్నాడు. అప్పుడే అనుమానించాల్సింది. కళ్ళకు అద్దుకున్న కాయితాన్ని మా వైపు ఎవరూ చదవరు, పూజగదిలో పెడతారు.

చిత్తూరులో మా అక్క ఉంది. నాకంటే పెద్దది. నా పుస్తకాలు మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివేది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. చదివి ఊరుకోదు. ఫోన్ చేసి తగాదా పెట్టుకుంటుంది. మా ఇంటి వెనక బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఉన్న రోజుల్లో ఆడపిల్లలు ఆడకూడదని నాయన ఆమెను కోర్టులోకి దిగనివ్వలేదు. వంటింటి కిటికీలో నిలబడి స్కోరు అరిచేది. బంతి గీత లోపల పడిందా బయట పడిందా అనే తగువు వస్తే, కోర్టులో ఉన్న పదిమందీ కిటికీ వైపే చూసేవాళ్ళు. ఆమె కన్ను అంత ఖచ్చితం. ఆట పుస్తకంలో ఆ కిటికీ గురించి ఒక అధ్యాయం రాశాను. అది చదివి, "కిటికీ గురించి రాసినావు గానీ, తలుపు ఎందుకు మూసినారో రాయలేదే" అని నెల రోజులు సాధించింది.

ఆమెకు ఫోన్ చేశాను.

"సభకు వస్తావా అక్కా?"

"ఏమి పెడతారు?"

"పుస్తకం గురించి మాట్లాడతారు."

"తినేదానికి ఏమి పెడతారు అంటాండా. పుస్తకం గురించి మాట్లాడతారంట! నీ కుర్చీల పుస్తకానికి ఏమి మాట్లాడినారు? తాత పల్లకీ గురించి మాట్లాడినారు. మనకి పల్లకీ యాడుండేది? ఎద్దుల బండి ఉండేది."

"ఈసారి షరతు పెట్టాను."

"షరతు పెట్టినాడంట! సరే, సూస్తాం పా."

అప్పుడు నాకు రోషం వచ్చింది. ఈ సభలో ఒక్క మనిషైనా లేచి ఈ పుస్తకం గురించి ఒక్క మాటైనా మాట్లాడకపోతే, ఇక జన్మలో ఏ వేదికా ఎక్కను, పుస్తకం కూడా రాయను అన్నాను. ఆమె, "సభ రోజు పొద్దున్నే బస్సెక్కుతా" అంది.

నేను ఆ మాట ఊరికే అనలేదు. ఎవరూ చదవని పుస్తకం నాలుగోది రాయడానికి నాకు ఓపిక లేదు. నాకు కావలసింది చప్పట్లు కాదు. రాసింది ఒక మనిషి బుర్రలోకి వెళ్ళి మాటగా బయటికి రావడం. ఒక్క మాట.

రెండు రోజుల్లో ఆహ్వానపత్రిక వాట్సాప్‌లో వచ్చింది. పైన కార్వేటినగరం కోట ఫోటో. కింద నా పేరు, దానికి ముందు 'కార్వేటినగర రాజవంశీకులు, బహుముఖ ప్రజ్ఞాశాలి'. పుస్తకం పేరు అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, భోజన సదుపాయం కలదు అన్న మాటకు పైన.

మేస్త్రికి ఫోన్ చేశాను.

"ఇదేమిటి?"

"బాగుండాది గదా దొరా? రాత్రంతా కూసోని డిజైను సేయించినా."

"మేము ఆ రాజులం కాము. వాళ్ళకు దూరపు చుట్టాలం కూడా కాము. లేని చుట్టరికం నాకెందుకు అంటగట్టారు?"

"మీ ఊరు, ఆ కోట రెండూ ఆ పక్కే గదప్పా."

"పక్కనుంటే రాజులైపోతారా? ఆ ఫోటో తీసెయ్యండి."

"మరి ఏ ఫోటో ఎయ్యల్ల? మీ ఇంటి ఫోటో ఎయ్యాలంటే యాడుండాది? ఇల్లే లేదాయె."

ఆ మాట ఆయన వెక్కిరింతగా అన్నాడో, మామూలుగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి, గోడకు ఆనకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాను. సాయంత్రానికి కొత్త కార్డు వచ్చింది. కోట పోయింది. 'కార్వేటినగర' అన్న మాటా పోయింది. 'రాజవంశీకులు' అలాగే ఉంది. ఇప్పుడు ఏ రాజులమో కూడా తెలియకుండా పోయింది.

సభ ఆదివారం. మామిడి కాపు ముమ్మరంగా ఉన్న రోజులు. హాలు చల్లగా ఉంది, నిండుగా కూడా ఉంది. మా అక్క ముందు వరసలో చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వేదిక మీద సోఫా అంచున కూర్చున్నాను. వెనక ఫ్లెక్సీలో నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నా తల వెనక సూర్యకిరణాలు వేశారు, దేవుడి పటానికి వేసినట్టు.

ఆవిష్కరణ మొదలైంది. బంగారు రంగు కాయితంలో చుట్టి, ఎర్ర రిబ్బను కట్టిన పుస్తకాలు పళ్ళెంలో తెచ్చారు. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాడు. కాయితం చింపారు. వేదిక మీద ఉన్నవాళ్ళందరూ తలా ఒకటి తీసుకుని, ముఖచిత్రం జనం వైపు తిప్పి, గుండెలకు ఆనించి నవ్వారు. ఫోటోలు తీశారు.

నా చేతికొకటి ఇచ్చారు. అట్ట మీద ట్రాక్టరు లేదు. పసుపుపచ్చ బంతి ఉంది.

నా మొదటి పుస్తకం అది. ఎన్నో ఏళ్ళ కిందట, బళ్ళలో పంచిపెడతానని చెప్పి మేస్త్రి నా దగ్గర ఒక కట్ట తీసుకుపోయాడు. పంచలేదన్నమాట. ఆ కట్టలోవే ఇవి. అంచులు పసుపెక్కి ఉన్నాయి. ఒకదాని మూల ఎలుక కొరికింది.

మేస్త్రి వంగి నా చెవి దగ్గర నోరు పెట్టాడు.

"కోప్పడొద్దప్పా. కొత్త పుస్తకాలు లారీలో వచ్చి రేణిగుంట గోడౌన్లో దిగినాయి. ఈరోజు ఆదివారం, తాళం తియ్యరంట. నిన్ననే తేవాల్సింది, ఫ్లెక్సీ పనిలో పడి మర్సిపోయినా."

"అందుకని?"

"అందుకని ఇవి సుట్టించినా. పుస్తకం ఏదైతే ఏముండాది? రాసింది మీరే గదా. ఎవురు తెరిసి సూస్తారు?"

ఆ క్షణంలో నేను లేచి ఉండాలి. కానీ అధ్యక్షుడు అప్పటికే మైకు ముందు నిలబడ్డాడు. ఈ మనిషికి నేను పుస్తకం ముందే ఇచ్చాను కదా, ఈయన కనిపెడతాడు, పొరపాటు జరిగిందని ఈయనే చెబుతాడు అనుకున్నాను. ఊరికే అనుకోలేదు, ఆశపడ్డాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

ఆచార్యులవారు పుస్తకం పైకెత్తారు.

"సభాసదులారా! ముందుగా ఈ ముఖచిత్రాన్ని తిలకించండి. ఏమి కనిపిస్తోంది? భూగోళం. అందరి పుస్తకాల మీదా భూగోళం నీలంగా ఉంటుంది. మన రచయిత పసుపు వర్ణంలో వేయించారు. ఎందుకు? పసుపు మంగళకరం గనుక. ప్రపంచమంతా మంగళం కలగాలని వారి ఆకాంక్ష."

చప్పట్లు.

"ఈ గోళం మీద నూలు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. ఇవి అక్షాంశాలు కావు, రేఖాంశాలు కావు. దేశానికీ దేశానికీ మధ్య ఉండే అనుబంధాలు. ఇక శీర్షిక చూడండి. 'ఇటు ఐదుగురు, అటు ఐదుగురు'. లోకమంతా రెండు శిబిరాలుగా చీలిపోయిందన్న ఆవేదనను ఇంత క్లుప్తంగా చెప్పినవారు లేరు."

ఆహ్వానపత్రికలో పుస్తకానికి వేరే పేరు ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు. అందులో ఆయన తన పేరు ఉన్నంతవరకే చదివి ఉంటాడు.

అప్పుడు ముందు వరసలోంచి మా అక్క గొంతు వచ్చింది. వంటింటి కిటికీలోంచి స్కోరు అరిచిన గొంతు అది, హాలు దానికో లెక్కా?

"అయ్యా, అది భూమి కాదు. బంతి."

వెనకనుంచి ఎవరో, "గమ్మునుండమ్మా" అన్నారు.

"గమ్మునుండేదేంది? అది బంతయ్యా, ఉన్ని బంతి! ఆడుకునే బంతి!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఇక అయిపోయింది, బయటపడింది అనుకున్నాను. ఆచార్యులవారు చిరునవ్వు నవ్వి, ఆమెకు నమస్కారం పెట్టారు.

"చక్కగా సెలవిచ్చారు తల్లీ. భగవంతుడి చేతిలో ఈ భూమి ఒక బంతి వంటిదే. ఆడించేది ఆయన. ఆడేది మనం."

ఆ రోజు అన్నిటికంటే పెద్ద చప్పట్లు ఆ మాటకే పడ్డాయి. మా అక్క నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆమెను అలా నోరు మూయించినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

ముఖ్య అతిథి మాట్లాడాడు. ఆయనకు కాలేజీలున్నాయి. మా తాతకు ఏనుగులుండేవని చెప్పాడు. ఒక ఏనుగు పేరు కూడా చెప్పాడు. ఇంత గొప్ప వంశంలో పుట్టి ఇంత వినయంగా సోఫా అంచున కూర్చున్నారని నన్ను మెచ్చుకున్నాడు. ఆ చల్లని హాల్లోనూ పుస్తకాన్ని విసనకర్రలాగా ఊపుకుంటూ మెచ్చుకుని, శాలువా కప్పాడు.

రచయిత స్పందన ఎప్పుడూ చివరే. అప్పటికి పక్క గదిలోంచి టమోటా బాత్ వాసన వస్తుంది. కుర్చీలు కిర్రుమంటుంటాయి. నేను మైకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నమస్కారం చెప్పలేదు. కృతజ్ఞతలు చెప్పలేదు.

"మా అక్క చెప్పింది నిజం," అన్నాను. "ఇది భూగోళం కాదు. బాల్ బ్యాడ్మింటన్ బంతి. మీ చేతుల్లో ఉన్నది నా పాత పుస్తకం. ఈరోజు ఆవిష్కరించాల్సింది రేణిగుంట గోడౌన్లో ఉంది. మీరు దేన్ని ఆవిష్కరించారో మీకు తెలియదు. ఆటల పుస్తకం పట్టుకుని లోకం గురించి మాట్లాడారు. లోకం పుస్తకం పట్టుకుని ఉంటే మా తాత ఏనుగుల గురించి మాట్లాడేవాళ్ళు. మా తాతకు ఏనుగులు లేవు. ఉన్నా, నా పుస్తకానికి వాటితో పని లేదు. ఆ కొత్త పుస్తకం నాలుగు వారాల కిందటే అధ్యక్షులవారికి నా చేత్తో ఇచ్చాను. అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. అందులో మొదటి పేజీలో ఏముంది? ఒక్క మాట చెప్పండి చాలు. ఒక్క మాట చెబితే ఈ శాలువా మీ మీద కప్పి, మీ కాళ్ళకు దండం పెట్టి..."

'పెట్టి వెళ్తాను' అనబోయాను. స్పీకర్లలోంచి జాతీయగీతం మొదలైంది.

మేస్త్రి ఒక చేత్తో సెల్‌ఫోన్, ఇంకో చేత్తో రెండో మైకు పట్టుకుని, ఫోన్‌ను మైకుకు ఆనించి నిలబడి ఉన్నాడు. సభ ముగిసినట్టు. హాలంతా లేచి నిటారుగా నిలబడింది. వేదిక మీద అందరూ నిలబడ్డారు. నా నోట్లో మాట నోట్లోనే ఉంది. ఆ పాట వచ్చేటప్పుడు మాట్లాడే మనిషిని కాను నేను, అది ఆ మేస్త్రికి బాగా తెలుసు. చేతులు కిందికి దించి, ఎలుక కొరికిన పుస్తకం తొడకు ఆనించి పట్టుకుని, కదలకుండా నిలబడ్డాను. నిలబడడం ఒక్కటి మాత్రం నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ముందు వరసలో మా అక్క కూడా నిలబడి నన్నే చూస్తోంది.

పాట అయిపోగానే జనం టమోటా బాత్ వైపు నడిచారు. పోతూ పోతూ ఒకరిద్దరు నాతో చేయి కలిపి, "బాగా మాట్లాడినారు దొరా" అన్నారు. శాలువా సోఫా మీదే వదిలేసి వచ్చేశాను. అక్క మాత్రం తినే వచ్చింది. "అన్నం మీద కోపమేంది నాకు? ఉప్పు తక్కువైంది" అంది.

ఆ రాత్రికి అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. నేనన్న మాట నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుంది. ఒక్క మనిషి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనిక రాయను.

పొద్దున్నే ఆమె చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది.

"రేణిగుంటకు పోదాం పా."

"ఎందుకు? ఉండనీ అక్కడే. గోడౌన్లోనే చెదలు పట్టనీ."

"నువ్వు రాసేది మానుకుంటావో లేదో నాకు తెలీదు. నేను సదివేది మానుకోలేదు. ఎండెక్కకముందే బిన్నా రా."

రేణిగుంటలో గోడౌన్ తాళం తీసి ఉంది. పార్సిల్ కట్టలు ఒక మూల, సిమెంటు బస్తాల పక్కన పడి ఉన్నాయి. అక్క సంచిలోంచి చిన్న కత్తి తీసి తాడు కోసి, పై పుస్తకం తీసింది. అట్ట మీద ట్రాక్టరు. తోతాపురి కాయలు. కొత్త కాయితం వాసన. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సంచిలో పెట్టుకుంది. మిగిలిన కట్టలు ఆటోలో వేయించి మా ఇంటికి పంపించేశాం. ఆమెను చిత్తూరులో దింపి వద్దామని నేనూ బస్సెక్కాను.

చంద్రగిరి దాటేదాకా ఆమె చదువుతూనే ఉంది. పెదాలు కదుపుతూ చదవడం ఆమె అలవాటు. నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి వేలు పుస్తకంలో పెట్టి మూసింది.

"ఒరే, ఇదేంది? మొదటి పేజీలోనే 'మనం' అని రాసినావు?"

"ఏ మనం?"

"'లోకంలో ఎక్కడో తుపాకి పేలితే ఇక్కడ మనం కాయలు రోడ్డు మీద పారబోసుకుంటాం.' మనమెవురు?"

"మనమంటే ఈ జిల్లా వాళ్ళం."

"జిల్లా వాళ్ళందరూ ఒగటేనా? నీ కుర్చీల పుస్తకంలో అట్ల రాయలేదే. ఆడ 'మేము' కూసున్నాం, 'వాళ్ళు' నిలబడినారు అని రాసినావు. ఈడికొచ్చేసరికి అందురూ 'మనం' అయిపోయినారా? మన తోపులు పోయి ఎన్నేండ్లాయె? నువ్వు ఎప్పుడు పారబోసినావు కాయలు?"

ఒళ్ళు మండిపోయింది. నిన్నటి హాలంతా కలిసి నాకు చేసిన అవమానం కంటే ఇది ఎక్కువ అనిపించింది.

"తోపులు పోయాయి గనుకే ఆ బాధ నాకు తెలుసు."

"పోగొట్టుకునేదానికీ పారబోసేదానికీ తేడా లేదా? మనోళ్ళు కూసోని పోగొట్టుకున్నారు. వాళ్ళు కష్టపడి పారబోస్తాండారు."

"నువ్వు ముందు అంతా చదువు. నాలుగో అధ్యాయంలో..."

"నాలుగో అధ్యాయం తర్వాత. మొదటి పేజీ తేలనీ."

మా గొంతులు పెరిగాయి. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చిత్తూరు దగ్గరపడేసరికి బస్సు ఆగిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు సగం రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నాయి. కాయల మీద కప్పిన వేపమండలు ఎండకు వాడిపోయాయి. ట్రాక్టరు నీడలో కొందరు తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నారు. ఒకామె ఇంజను పక్కన కూర్చుని సంగటి తింటోంది.

అక్క కిటికీ వైపు వేలు చూపించింది.

"అదిగో. దిగు. పోయి వాళ్ళ మధ్యలో నిలబడి 'మనం' అను. వాళ్ళు ఔనంటే నేను నోరు మూసుకుంటా."

నేను దిగలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుని, ఆ మాట ఉండాల్సిందే, ఒక్క అక్షరం మార్చను అన్నాను. అసలు 'మనం' అనే హక్కు నాకు లేకపోతే ఈ లోకంలో దేని గురించీ రాసే హక్కు లేదన్నాను. హక్కు ఎవురిచ్చినారు అని ఆమె అడిగింది. నా గొంతు బస్సంతా వినబడుతోందని తెలుస్తూనే ఉంది, తగ్గించలేకపోయాను.

కండక్టరు లేచి వచ్చాడు.

"ఏమమ్మా, ఏం గొడవ మీది? అక్కాతమ్ముళ్ళా? ఆస్తి గొడవా?"

"ఆస్తి యాడుండాది నాయనా?" అంది అక్క. "పుస్తకం గొడవ."

కండక్టరు మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ ముందుకు పోయాడు. బస్సు ట్రాక్టర్లను ఒరుసుకుంటూ మెల్లగా కదిలింది. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని, పుస్తకం మళ్ళీ తెరిచి, 'మనం' మీద గోరుతో గట్టిగా ఒక గీత గీసింది. కాయితం చిరిగిందేమోనని వంగి చూశాను. చిరగలేదు.

"గీతలు పెట్టొద్దు, కొత్త పుస్తకం," అన్నాను.

"నాది," అంది, పేజీ తిప్పుతూ. "ఈడ ఇంకొకటి ఉండాది, ఇను."